కొల్లాపూర్ బేనిషాన్ జర్మనీకి పంపాలంటే ఏమేం కావాలె?

పాలమూరు బేనిషాన్

ఈ ఫోరంల అన్నలకు నమస్తే. కొల్లాపూర్ దిక్కు మా రైతు ఉత్పత్తిదారుల కంపెనీల 22 మందిమి ఉన్నం. అందరియి కలిపితే 140 ఎకరాల దాకా మామిడి, ఎక్కువ బేనిషానే. ఇన్నేండ్లు పూత మీద గుత్తకిచ్చుడు, లేకుంటే బాటసింగారం మార్కెట్‌కు తోలుడు. వచ్చే సీజన్‌ల 3 టన్నులు విమానంల జర్మనీకి పంపి చూద్దామనుకుంటున్నం. ఫ్రాంక్‌ఫర్ట్‌ల కొనేటాయన రెండే మాటలు అడిగిండు: ఫైటో సర్టిఫికెట్ (కాయల పురుగు, తెగులు లేదని సర్కారు ఇచ్చే కాగితం) మీద హాట్ వాటర్ ట్రీట్‌మెంట్, అంటే కాయలను వేడినీళ్ళల ముంచినట్టు రాసి ఉండాలె, రెసిడ్యూ రిపోర్ట్ (కాయల మందు ఎంత మిగిలిందో చెప్పే ల్యాబ్ కాగితం) ఉండాలె.

మాకు ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) ఉన్నది, జీఎస్టీ ఉన్నది. ఇవి కాక ఇంకేం కావాలె? ట్రీట్‌మెంట్ మా షెడ్డులనే ట్యాంకు పెట్టి చేసుకుంటే నడుస్తదా? ముందుగాల ఒక 20 కిలోలు శాంపిల్ కొరియర్‌ల పంపుమంటుండు, దానికి కూడ ఇవన్నీ కావాల్నా? ఇప్పుడు నవంబరు, ఇంక పూత రాలే. ఎప్పటిసంది మొదలుపెట్టాలె?

ప్యాకింగ్ షెడ్డు

శాంపిల్ సంగతి ముందు చెప్తాను, అక్కడే చాలామంది బోల్తా పడతారు. యూరోపియన్ యూనియన్‌లోకి మామిడి 20 కిలోలు పోయినా, రెండు కాయలు పోయినా ఫైటో ఉండాల్సిందే. ప్రయాణికుడి సూట్‌కేసులో పోయినా అదే రూలు. ఫైటో లేకుండా వదిలేసే పండ్లు అయిదే: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డూరియన్. కాబట్టి కొరియర్ శాంపిల్ మాట మర్చిపోండి. ఆయనకు కాయ ఫోటోలు, సైజులు, బ్రిక్స్ (తీపి కొలత) లెక్కలు పంపండి. మొదటి చిన్న సరుకే శాంపిల్ అనుకోండి.

సొంత షెడ్డులో ట్యాంకు పెట్టుకుంటే నడవదు. నీళ్ళు 48 డిగ్రీలకు కాచడం ఎవరైనా చేస్తారు, కానీ ఫైటో మీద ఆ ట్రీట్‌మెంట్ రాయాలంటే అది అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు, ప్లాంట్ క్వారంటైన్ శాఖ ఆమోదం రెండూ ఉన్న ప్యాక్‌హౌస్‌లో, వాళ్ళ పర్యవేక్షణలో జరగాలి. ఆ జాబితా అపెడా వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో మీకు దగ్గరిది చూసుకుని జనవరిలోనే స్లాట్ మాట్లాడండి. మే నెలలో ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

ఇంత పట్టుదల ఎందుకో తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. మన సరుకులో పండు ఈగ పిల్లపురుగులు దొరికాయని 2014 మే 1 నుంచి యూరప్ మన మామిడిని ఆపేసింది. మళ్ళీ తలుపు తెరిచింది 2015 జనవరిలో, ట్రీట్‌మెంట్, ప్యాక్‌హౌస్ తనిఖీ కట్టుదిట్టం చేశాకే. 2019 సెప్టెంబరు నుంచి రూలు ఇంకా బిగించారు. పండు ఈగ లేని ప్రాంతం నుంచి వచ్చిందనో, ఫలానా ట్రీట్‌మెంట్ చేశామనో ఫైటో మీద స్పష్టంగా రాసి ఉండాలి. పాలమూరులో పండు ఈగ లేదని రాసే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి మనకు మిగిలింది ట్రీట్‌మెంటే.

యూరప్‌కు మనవాళ్ళు చేసేది 48 డిగ్రీల నీళ్ళలో 60 నిమిషాలు. ఇందులో తప్పు జరిగే చోట్లు ఇవి:

కాయలు ముంచగానే నీళ్ళ వేడి పడిపోతుంది. నీళ్ళు మళ్ళీ 48కి వచ్చాకే గంట లెక్క మొదలు. కోల్డ్ రూములోంచి తెచ్చిన చల్లటి కాయ వేస్తే ఆ వేడి తిరిగి రావడానికే చాలాసేపు పడుతుంది, తోలు ఉడుకుతుంది. కోసిన కాయ బయటి వేడిలోనే ట్రీట్‌మెంట్‌కు పోవాలి, చల్లదనం తర్వాత.

ఒక క్రేటులో 250 గ్రాముల కాయ, 500 గ్రాముల కాయ కలిపి వేయకూడదు. పెద్దకాయ టెంక దగ్గరికి వేడి చేరేసరికి చిన్నకాయ ఉడికిపోయి ఉంటుంది. గ్రేడింగ్ ముందు, ముంచడం తర్వాత. కాయలు తేలకుండా పైన జాలీ పెట్టాలి, కాయ మీద కనీసం నాలుగంగుళాల నీళ్ళుండాలి, నీళ్ళు తిరుగుతుండాలి.

లేతకాయ ట్రీట్‌మెంట్‌కు తట్టుకోదు. పైకి బాగానే కనబడుతుంది. అక్కడికి పోయి పండేటప్పుడు తోలు మీద మచ్చలు, లోపల టెంక చుట్టూ పిండిలా గట్టిగా ఉండిపోవడం, ఒక్కోసారి ఖాళీ గూళ్ళు. కొనేవాడు దాన్ని ట్రీట్‌మెంట్ తప్పంటాడు, కానీ తప్పు కోతది. భుజాలు నిండి ముచ్చిక దగ్గర గుంత పడ్డ కాయే కోయండి. బకెట్ నీళ్ళలో వేస్తే మునగాలి. తేలినవి లోకల్ మార్కెట్‌కే.

కోతకు రెండు వారాల ముందు తడి ఆపండి. వాన పడ్డ మర్నాడు కోయకండి, నీరు పట్టిన కాయ తోలు వేడికి త్వరగా నల్లబడుతుంది. చిక్కంతో ముచ్చిక నాలుగు వేళ్ళంత ఉంచి కోసి, నీడలో ముచ్చిక కత్తిరించి, జాలీ మీద తలకిందులుగా రెండు గంటలైనా పెట్టండి. సొన కాయ మీదికి కారితే ఆ చార ముంచిన తర్వాత ఇంకా ముదురుతుంది.

నీళ్ళలోంచి తీసిన వెంటనే చల్లనీళ్ళు పోయకండి. లోపలి వేడి అప్పటికీ పనిచేస్తూనే ఉంటుంది. ప్రోటోకాల్‌లో ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగి, తర్వాత చల్లబరిచి, ఆరబెట్టి పెట్టెల్లో పెట్టడం. ఇక్కడి నుంచి ఈగ తగలకూడదు. ప్యాకింగ్ గదికి జంట తలుపులు, సన్నటి మెష్, పెట్టె గాలి రంధ్రాలకు కూడా మెష్. ట్రీట్‌మెంట్ అయిన కాయ, కాని కాయ ఒకే గదిలో కలిస్తే అధికారి మొత్తం లాట్ ఆపేస్తాడు, ఆపాలి కూడా.

మందు చీటీ

పైన అన్న చెప్పింది అంతా షెడ్డు సంగతి. అది డబ్బులు పెడితే సరైతది. డబ్బులు పెట్టినా సరికానిది మందుల లెక్క, అది మీకు ఈ నెలలనే మొదలైతది.

మీరు పూత మీద గుత్తకిస్తమని రాసిండ్రు. ఎగుమతికి పెట్టే తోటలను ఈ ఏడు గుత్తకియ్యకుండ్రి. గుత్తేదారు ఏ మందు కొట్టిండో, ఎన్నిసార్లు కొట్టిండో ఏ పుస్తకంల ఉండది. పూతకు ముందే ఎవరి తోటలు ఎగుమతికో తేల్చుకొని, 22 మందిల నలుగురైదుగురివే పెట్టుకోండ్రి. 3 టన్నులకు అవి చాలు.

ఆ నలుగురైదుగురి తోటలు ఉద్యానశాఖ అధికారి ద్వారా అపెడా హార్టినెట్‌ల (ఎగుమతి తోటల ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు కావాలె. పట్టాదారు పాస్‌బుక్, సర్వే నంబరు, విస్తీర్ణం, రకం ఇచ్చి నమోదు చేయించుకోండ్రి. ఇది సీజన్ సీజన్‌కు కొత్తగ చూసుకునేది, పోయినేడు ఉందని ఊకుంటే కాదు. పాస్‌బుక్ తండ్రి పేరు మీద, బ్యాంకు ఖాతా కొడుకు పేరు మీద ఉన్న తోటలు పక్కన పెట్టండ్రి, ఆ తిప్పలు మీద పడేసుకోకుండ్రి.

యూరప్‌ల ఏ మందుకైతే ప్రత్యేకంగ పరిమితి పెట్టలేదో దానికి కిలోకు 0.01 మిల్లీగ్రామే. అంటే 100 టన్నుల కాయల ఒక్క గ్రాము. మన దగ్గర లేబుల్ మీద మామిడికి రాసి ఉన్న మందు కదా అంటే అక్కడ వినరు.

తేనెమంచు పురుగుకు మనోళ్ళు చేతికి అందంగనే కొట్టేది థయామెథాక్సమ్. దాని పరిమితిని యూరప్ కొలిచే యంత్రానికి చిక్కే కనీసానికి తగ్గించింది, అమలు తేదీ 2026 మార్చి 7. థయామెథాక్సమ్ కాయల విరిగి క్లోథియానిడిన్ అయితది, దానికి కూడ అదే రూలు. క్లోరిపైరిఫాస్‌కు యూరప్‌ల 2020లనే తలుపు మూసిండ్రు. డైమిథోయేట్ కూడ వద్దు. ఎసిఫేట్ కొడితే రిపోర్ట్‌ల మెథామిడోఫాస్ అని వేరే పేరు వస్తది, మేం కొట్టనే లేదని రైతు కొట్లాడుతడు. కొట్టింది అదే, విరిగి పేరు మారింది.

మీ డబ్బాల మందు లేకున్నా ఇంకో మూడు దారుల్ల వస్తది. పక్క పత్తి చేనుల కొట్టింది గాలికి. పత్తికి వాడిన పంపే కడగకుండ మామిడికి వాడితే. ఒకే మందు పేరు మీద రెండు కలిపి అమ్మే డబ్బాల. అందుకని ఎగుమతి తోటకు వేరే పంపు, వేరే డ్రమ్ము పెట్టండ్రి. చేను పక్క రెండు వరుసల చెట్లు ఎగుమతికి కొయ్యకుండ్రి.

మరి పురుగు ఎట్ల ఆగాలె అంటే: కొమ్మలు పల్చగ చేసి లోపలికి ఎండ పడేటట్టు చేస్తే తేనెమంచు పురుగు సగం తగ్గుతది, దానికి ఇప్పుడైతే ఆలస్యమే, కోతల తర్వాత చెయ్యాల్సిన పని. పూతల వేపనూనె. కాయ కోడిగుడ్డు సైజుకొచ్చినంక కవర్లు కట్టుడు. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఉచ్చులు ఎకరాకు నాలుగు నుంచి ఆరు, కానీ అవి మగ ఈగలనే పడతయి, ఉచ్చు పెట్టినమని నిద్రపోవద్దు. రాలిన కాయలను రోజూ ఏరి లోతుగ పాతిపెట్టుడు ఉచ్చుల కంటే ఎక్కువ పని చేస్తది. ఇది ఎవ్వరూ చెయ్యరు.

రెసిడ్యూ శాంపిల్ కోతకు 10-15 రోజుల ముందు తియ్యండ్రి. తోటకొకటి వేరుగ, కనీసం 10 కాయలు, చెట్టుకొకటి చొప్పున. నాలుగు తోటలది కలిపి ఒక్కటే పంపితే ఫీజు మిగులుతది, కానీ ఫెయిలైతే ఎవరి తోటనో తెల్వక నాలుగూ పాయె. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలె, యూరప్ జాబితాకు మల్టీ రెసిడ్యూ పరీక్ష (ఒక్కసారే శాన మందులు చూసేది) అని అడగండ్రి. పూత కోసమని పాదులకు పాక్లోబ్యుట్రజోల్ పోసిన తోటలుంటే అది కూడ చూడమనాలె.

పాలమూరు బేనిషాన్

శాన థాంక్స్ అన్నా. గుత్త సంగతి మా బుర్రకు తట్టనే లేదు. ఇద్దరు ఇప్పటికే గుత్తేదారు దగ్గర అడ్వాన్స్ తీసుకున్నరు, వాళ్ళను పక్కన పెడ్తం. ఇంకొకటి. ఒకాయన అంటుండు, వేడినీళ్ళ ట్రీట్‌మెంట్ అయితే అదే సరుకు అమెరికాకు కూడ నడుస్తది, డాలర్లల ధర బాగుంటది అని. నిజమేనా? మరొకాయన ఇదంతా ఎందుకు, దుబాయ్ పంపుండ్రి అంటుండు.

కార్గో లెక్కలు

అమెరికాకు నడవదు. మెక్సికో వాళ్ళు వేడినీళ్ళతోనే అమెరికాకు పంపుతారు కాబట్టి ఈ మాట పుట్టింది. మనకు పండు ఈగతో పాటు టెంక పురుగు ఉంది. అది టెంక లోపల కూర్చుంటుంది, ఆ గంట వేడి దాన్ని చంపదు. అందుకే 2007లో అమెరికా మన మామిడికి తలుపు తీసినప్పుడు రేడియేషన్ షరతు పెట్టింది, కనీసం 400 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత). చేసే చోట్లు మహారాష్ట్రలో వాశి, లాసల్‌గావ్, గుజరాత్‌లో బావ్లా, బెంగళూరు వైపు. అక్కడ అమెరికా వ్యవసాయశాఖ ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి చూసి, రేడియేషన్ జరిగిందని చెప్పే పీపీక్యూ 203 ఫారం మీద సంతకం చేస్తాడు. ఆ కాగితంలో తేడా వచ్చిందని 2025 మేలో ముంబై నుంచి పోయిన సరుకును అమెరికా విమానాశ్రయాల్లో ఆపారు. వెనక్కి తెచ్చే ఖర్చు కాయ ధరను మించిపోతుంది కాబట్టి అక్కడే పారేయాల్సి వచ్చింది. కాయలో తప్పేమీ లేదు. జపాన్ అయితే ఇంకో దారి, ఆవిరి ట్రీట్‌మెంట్, కాయ లోపల 47.5 డిగ్రీల వద్ద 20 నిమిషాలు. ఒక దేశం ట్రీట్‌మెంట్ ఇంకో దేశానికి పనికొస్తుందని ఎప్పుడూ అనుకోవద్దు.

ఇక మీ జర్మనీ కాగితాలు. ఐఈసీ ఉందన్నారు, కానీ దాన్ని ఏటా ఏప్రిల్-జూన్ మధ్య డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య శాఖ) సైట్‌లో అప్‌డేట్ చేయాలి, మార్పు లేకపోయినా సరే. మామిడి సీజన్ సరిగ్గా అదే కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే ఆ పని కానిచ్చేయండి. అపెడాలో ఆర్‌సీఎంసీ (ఎగుమతిదారుగా నమోదు సర్టిఫికెట్) తీసుకోండి. ఎగుమతిదారుగా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) సెంట్రల్ లైసెన్సు కూడా. షిప్పింగ్ బిల్లు పెట్టేలోపు మీ బ్యాంకు ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు శాఖ నంబరు) కస్టమ్స్ వాళ్ళ ఐస్‌గేట్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. చాలామంది ఇది ఆఖరి రోజు గుర్తు తెచ్చుకుంటారు, అప్పటికి కాయ షెడ్డులో ఉంటుంది. తాజా మామిడికి జీఎస్టీ లేదు, కాబట్టి ఎల్‌యూటీ (జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) కోసం కంగారు పడనక్కర్లేదు. హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకం నంబరు) 080450 కింద బేనిషాన్‌కు సరిపోయే ఎనిమిదంకెలది మీ కస్టమ్స్ ఏజెంటు వేస్తాడు. ఇన్‌వాయిస్ మీద, ఫైటో మీద, షిప్పింగ్ బిల్లు మీద ఒకటే ఉందా లేదా మీరు చూసుకోండి.

ఫైటో దరఖాస్తు ఆన్‌లైన్. అది చేతికొచ్చాక ఏజెంటుకు ఇచ్చేముందు పది నిమిషాలు కూర్చుని చదవండి. మాంజిఫెరా ఇండికా అన్న శాస్త్రీయ నామం ఉందా. పెట్టెల లెక్క, నికర బరువు ప్యాకింగ్ లిస్టుతో సరిపోతున్నాయా. ట్రీట్‌మెంట్ గడిలో 48 డిగ్రీలు, 60 నిమిషాలు, తేదీ ఉన్నాయా. ట్రీట్‌మెంట్ అయ్యాకే తనిఖీ జరిగినట్టు తేదీలు ఉండాలి, తలకిందులైతే సరుకు ఆగినట్టే. అడిషనల్ డిక్లరేషన్ గడి (పండు ఈగ షరతు తీరిందని రాసేది) ఖాళీగా లేదు కదా. కొనేవాడి పేరు, చిరునామా ఇన్‌వాయిస్‌లో ఉన్నట్టే ఉన్నాయా. దిద్దినా, కొట్టేసినా చెల్లదు, కొత్తది తీసుకోవాల్సిందే. యూరప్‌కు ఫైటో ఇచ్చిన 14 రోజుల్లోపు సరుకు దేశం దాటాలి. విమానం సరుకుకు అదేం ఇబ్బంది కాదు.

అక్కడ కొనేవాడు చేయాల్సింది కూడా అడిగి రాయించుకోండి: ఆయన దిగుమతిదారుగా నమోదై ఉండాలి, సరుకు దిగకముందే యూరప్ వాళ్ళ ట్రేసెస్ పోర్టల్‌లో ముందస్తు నోటీసు పెట్టాలి. కొత్త కొనుగోలుదారులు దీన్ని మర్చిపోతే మీ పెట్టెలు వాళ్ళ ఎయిర్‌పోర్టు ఎండలో కూర్చుంటాయి. గ్లోబల్ గ్యాప్ సర్టిఫికెట్ (తోటలో మంచి సాగు పద్ధతులు పాటించారని చెప్పేది) అడిగారా? సూపర్‌మార్కెట్లు అడుగుతాయి, మన కిరాణా షాపులకు సరఫరా చేసేవాళ్ళు సాధారణంగా అడగరు. అడిగితే ఈ సీజన్‌కు వదిలేయండి, నాలుగు నెలల్లో అయ్యే పని కాదు.

డబ్బు లెక్క. 3 టన్నులను 4 కిలోల పెట్టెల్లో పెడితే 750 పెట్టెలు. అట్ట, కుషన్ కలిపి పెట్టెకు అరకిలో వేసుకున్నా ఎయిర్‌లైన్ తూకం 3,375 కిలోలు. ఫ్రైట్ కట్టేది దానికి, కాయకు కాదు. చెక్క ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చట్రం) వాడితే 56 డిగ్రీల వద్ద అరగంట వేడి చేసిన ముద్ర ఉండాలి, లేకపోతే కాయ బాగున్నా ప్యాలెట్ కోసం ఆపుతారు. ప్లాస్టిక్ ప్యాలెట్ అడగండి, గొడవ ఉండదు. మొదటి ఏడాది కోసిన దాంట్లో సగమే గ్రేడ్ దాటుతుందని లెక్క వేసుకుని 6 టన్నులు కోయండి. మిగిలింది బాటసింగారమే.

దుబాయ్ సంగతి చెప్పినాయన మాటలో పస ఉంది. అక్కడికి వేడినీళ్ళ ట్రీట్‌మెంట్ అక్కర్లేదు, ఫైటో ఉంటే చాలు. 2022 మే 1 నుంచి మనకూ యూఏఈకీ మధ్య వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది, దాని కింద సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు మన దేశానిదని చెప్పే కాగితం) జతచేయండి. ఓడలో అయితే 13 డిగ్రీల మీద రీఫర్ (చల్లబరిచే) కంటైనర్, అంతకంటే బాగా చల్లబెడితే కాయ పండకుండా తోలు నల్లబడుతుంది. కానీ 40 అడుగుల రీఫర్ నిండాలంటే 20 టన్నులకు అటూ ఇటూ కావాలి. మీకున్న 3 టన్నులతో అయితే విమానమే. ధర విషయంలో అక్కడ పాకిస్తాన్ కాయ దిగాక మార్కెట్ పడుతుంది. బేనిషాన్ ముందు వస్తుంది కాబట్టి ఏప్రిల్‌లోనే పంపగలిగితేనే లాభం.

అక్కడైనా ఇక్కడైనా "అమ్ముడయ్యాక ఇస్తాం" బేరానికి ఒప్పుకోకండి. సగం ముందు, సగం ఎయిర్‌వే బిల్లు (సరుకు విమానానికి అప్పజెప్పిన రసీదు) కాపీ చూపగానే.

నకిరేకల్ నిమ్మతోట

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మాది నల్లగొండ జిల్లా, నిమ్మ, బత్తాయి. ఇదే పద్ధతిలో యూరప్‌కు పంపొచ్చా?

మందు చీటీ

పంపొచ్చు గానీ నిమ్మకు మన దగ్గర గజ్జి తెగులు పెద్ద అడ్డం. ఒక్క కాయ మీద ఆ గరుకు మచ్చ దొరికినా మొత్తం సరుకు ఆపుతరు. తోటలనే గజ్జి లేదని తేలాలె, షెడ్డుల ఏరితే కుదరది. ఇంకొకటి, నిమ్మజాతి కాయకు యూరప్‌ల ముచ్చిక, ఆకు ఉండొద్దు. బాటసింగారంల ఆకు ఉంటే తాజాగ ఉందని నాలుగు రూపాయలు ఎక్కువిస్తరు, అక్కడ ఆకుంటే వాపస్. పెట్టె మీద ఏ దేశం కాయనో రాసి ఉండాలె. తోట నమోదు మాత్రం అదే హార్టినెట్‌ల, నిమ్మజాతికి వేరే విభాగం ఉంటది. నిమ్మకైతే గల్ఫ్‌తోనే మొదలుపెట్టండ్రి అన్నా.

ప్యాకింగ్ షెడ్డు

పాలమూరు తమ్ముడూ, ఒక మాట మర్చిపోయాను. కోత రోజు కొల్లాపూర్ నుంచి బండి రాత్రిపూట తోలండి. ప్లాస్టిక్ క్రేట్లలో, అడుగున కాగితం పరిచి, క్రేటుకు రెండు వరుసలకు మించకుండా, పైన టార్పాలిన్ కాకుండా షేడ్ నెట్ కప్పి. గడ్డిలో పోసి తెచ్చిన కాయకు కనబడని దెబ్బలుంటాయి, వేడినీళ్ళలో ముంచగానే అవన్నీ బయటపడతాయి. ప్రతి క్రేటుకూ తోట నమోదు నంబరు చీటీ, వాటర్‌ప్రూఫ్ ఇంకుతో. షెడ్డులో ఆ చీటీ తడిసి చెరిగితే ఆ క్రేటు ఎవరిదో తెలియదు, తెలియని క్రేటు జర్మనీ పోదు.